వాయిస్ గేట్‌వేలో కాల్ ట్రేస్, లాగింగ్: ఆఫీసు ఆగం కాకుండా సెట్ చేసుకోవడం ఎలా

హనుమకొండలో ఏ ఆసుపత్రికో, కాజీపేట దగ్గర ఏ హోటల్‌కో, ఎనుమాముల మార్కెట్ పక్కన ఏ కమీషన్ దుకాణానికో ఫోన్ల పని చూసేవాళ్ళకు ఫిర్యాదు ఎప్పుడూ ఒకే తీరుగా వస్తుంది. "పొద్దున ఎప్పుడో కాల్ కట్ అయింది సార్, జర చూడండి." ఏ నంబర్ నుంచి, ఎన్ని గంటలకు, వాళ్ళు చేశారా మనం చేశామా, ఒక్క ముక్క ఉండదు. మీరు బాక్స్‌లోకి (ఆఫీసు ఫోన్లను బయటి లైన్లతో కలిపే వాయిస్ గేట్‌వేలోకి) లాగిన్ అయి షో లాగింగ్ కొడితే ఏదో ఇంటర్‌ఫేస్ పడి లేచిన లైన్లు నాలుగు కనిపిస్తాయి, అంతే. అప్పుడు టెన్షన్‌లో చాలామంది చేసేది ఏంటంటే, గుర్తున్న డీబగ్‌లన్నీ (లోపల జరిగేదాన్ని లైన్లుగా రాయించే కమాండ్లు) ఒకేసారి ఆన్ చేసేయడం. ఓపీ రద్దీగా ఉన్న టైంలో అలా చేస్తే అప్పటిదాకా ఒక్క కాల్ పోతున్న చోట అన్ని కాల్సూ పోతాయి.

కాబట్టి పనిని రెండుగా విడదీయండి. లాగింగ్ సెట్టింగ్స్ ఎప్పుడూ ఎక్కించి ఉంచాలి, సమస్య ఉన్నా లేకపోయినా. డీబగ్ మాత్రం ఒక్క కాల్ కోసం ఆన్ చేసి, ఆ కాల్ దొరకగానే ఆపేయాలి. ఇక్కడ రాస్తున్నది సిస్కో ఐఓఎస్ గేట్‌వేల గురించి, ఒక వైపు పీఆర్ఐ (ప్రొవైడర్ ఇచ్చే డిజిటల్ ఫోన్ లైన్) లేదా సిప్ ట్రంక్ (ఐపీ నెట్‌వర్క్ మీద వచ్చే ఫోన్ లైన్), ఇంకో వైపు ఐపీ ఫోన్లు ఉన్న మామూలు సెటప్ అనుకోండి. కమాండ్లు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, మీరు మామూలుగా ఇంగ్లీషులో టైప్ చేసుకోండి.

ముందు గడియారం

దీన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత తల పట్టుకుంటారు. షో క్లాక్ కొట్టండి. టైం ముందు నక్షత్రం గుర్తు ఉంటే ఆ టైం నమ్మదగింది కాదని బాక్సే చెబుతున్నట్టు. చుక్క ఉంటే ఒకప్పుడు సరిగ్గానే ఉంది గానీ ఇప్పుడు ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ నుంచి టైం సరిచేసే పద్ధతి) కలిసి నడవడం లేదని. ఏ గుర్తూ లేకపోతే బాగున్నట్టు. ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇది ఒకసారి చూసుకోవడం మంచి అలవాటు.

క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30
ఎన్‌టీపీ సర్వర్ (మీ లోపలి టైమ్ సర్వర్ ఐపీ)
సర్వీస్ టైమ్‌స్టాంప్స్ డీబగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్ షో-టైమ్‌జోన్
సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్ షో-టైమ్‌జోన్
సర్వీస్ సీక్వెన్స్-నంబర్స్

ఎంసెక్ అన్నది తప్పనిసరి. సిప్‌లో ఒక సెకనులో పది మెసేజ్‌లు అటూ ఇటూ పోతాయి, మిల్లీసెకన్లు లేకపోతే ఏది ముందో ఏది వెనకో చెప్పలేం. సీక్వెన్స్ నంబర్ల ఉపయోగం ఏంటంటే, లాగ్‌లో 4512 తర్వాత నేరుగా 4530 కనిపిస్తే మధ్యలో లైన్లు రాలిపోయాయని తెలుస్తుంది. లేకపోతే లేని మెసేజ్ గురించి "అవతలివాళ్ళు పంపనే లేదు" అని ప్రొవైడర్‌తో గొడవ పెట్టుకుంటారు, తీరా చూస్తే అది మన బాక్స్ లాగ్ దాచే బఫర్‌లోనే రాలిపోయి ఉంటుంది.

కన్సోల్ ఆపడం, బఫర్ పెంచడం

కన్సోల్ పోర్టు మామూలుగా 9600 బాడ్ మీద నడుస్తుంది, అంటే సెకనుకు సుమారు 960 అక్షరాలు. ఎస్‌డీపీతో (మాట ఏ ఐపీకి పోవాలో చెప్పే భాగం) కలిపి ఒక్క సిప్ ఇన్వైట్ (కాల్ మొదలుపెట్టే మెసేజ్) వెయ్యి అక్షరాలు సులువుగా దాటుతుంది. ఒక్క ఇన్వైట్ కన్సోల్ మీద రాయడానికే సెకను పైన పడితే, పది కాల్స్ నడుస్తున్నప్పుడు బాక్స్ పరిస్థితి మీరే ఊహించండి. డీబగ్ ఆన్ చేస్తే రౌటర్ బిగుసుకుపోయింది అనే కథల్లో చాలావాటి వెనక ఉన్నది ఈ కన్సోల్ లాగింగే. అందుకే దీన్ని ఆపకుండా ఒక్క డీబగ్ కూడా ముట్టుకోవద్దు.

నో లాగింగ్ కన్సోల్
నో లాగింగ్ మానిటర్
నో లాగింగ్ రేట్-లిమిట్
లాగింగ్ బఫర్డ్ 10000000 డీబగ్గింగ్
వాయిస్ ఐఈసీ సిస్‌లాగ్

బఫర్‌కు ఇచ్చిన ఆ కోటి అంకె బైట్లలో, దాదాపు 10 ఎంబీ. ఇచ్చే ముందు షో మెమరీ స్టాటిస్టిక్స్ కొట్టి ప్రాసెసర్ వరుసలో ఎంత ఖాళీ ఉందో చూడండి. పాత చిన్న బాక్స్ అయితే 2 ఎంబీ, 3 ఎంబీతో సరిపెట్టుకోండి, ఒక్క కాల్ పట్టడానికి అది చాలు. చివరి లైన్, వాయిస్ ఐఈసీ సిస్‌లాగ్, పెద్దగా ఎవరూ పెట్టరు గానీ నాకు చాలా ఇష్టమైన లైన్ అది. కాల్‌ను గేట్‌వే తనంతట తానే తెంపితే, ఎందుకు తెంపిందో ఒక లోపలి ఎర్రర్ కోడ్‌తో లాగ్‌లో రాసి పెడుతుంది, దానికి ఏ డీబగ్ కూడా అక్కర్లేదు.

బఫర్ అంటే మెమరీ. కరెంటు పోతే లాగ్ కూడా పోతుంది. యూపీఎస్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, బ్యాటరీలు ఎప్పుడు మార్చారో అడిగితే చాలా ఆఫీసుల్లో జవాబు రాదు. కాబట్టి ఒక సిస్‌లాగ్ సర్వర్ (లాగ్ లైన్లు దాచే వేరే కంప్యూటర్) పెట్టండి. పెద్దదేమీ అక్కర్లేదు, మూలన పడున్న పాత పీసీలో లినక్స్ వేసి ఆర్‌సిస్‌లాగ్ నడిపితే చాలు, యూడీపీ 514 పోర్టు తెరిచి ఉండాలి.

లాగింగ్ హోస్ట్ 192.168.10.20
లాగింగ్ ట్రాప్ ఇన్ఫర్మేషనల్

ఇక్కడో మెలిక ఉంది. సిస్‌లాగ్‌లో 0 నుంచి 7 దాకా ఎనిమిది స్థాయిలు, డీబగ్ మెసేజ్‌లు 7లో ఉంటాయి. ట్రాప్ ఇన్ఫర్మేషనల్ అంటే 6 వరకే సర్వర్‌కు పోతాయి, డీబగ్ పోదు. రోజువారీకి అదే మంచిది. ఎప్పుడో వచ్చే సమస్య కోసం రాత్రంతా డీబగ్ పెట్టాల్సి వస్తే అప్పుడు మాత్రం లాగింగ్ ట్రాప్ డీబగ్గింగ్‌కు మార్చండి, తెల్లారి మళ్ళీ వెనక్కి మార్చడం మర్చిపోవద్దు. "డీబగ్ ఆన్ చేశా, సర్వర్‌లో ఏమీ రావట్లేదు" అని అడిగేవాళ్ళకు పదిసార్లలో తొమ్మిదిసార్లు జవాబు ఇదే.

డీబగ్ కంటే ముందు షో కమాండ్లు

చాలా సమస్యలు డీబగ్ దాకా పోకుండానే తేలిపోతాయి. పీఆర్ఐ అయితే షో ఐఎస్‌డీఎన్ స్టేటస్ కొట్టండి, లేయర్ 2లో మల్టిపుల్ ఫ్రేమ్ ఎస్టాబ్లిష్డ్ అని ఉండాలి. లేకపోతే లైనే లేవలేదు, కాల్ ట్రేస్ చేసి లాభం లేదు, ముందు మోడెం, కేబుల్ చూసుకోండి. షో కాల్ యాక్టివ్ వాయిస్ కాంపాక్ట్ ఇప్పుడు నడుస్తున్న కాల్స్ చూపిస్తుంది. షో కాల్ హిస్టరీ వాయిస్ బ్రీఫ్ అయిపోయిన కాల్స్‌ను, అవి ఎందుకు ఆగాయో కాజ్ కోడ్‌తో సహా చూపిస్తుంది, కాకపోతే కొద్దిసేపే గుర్తుంచుకుంటుంది, పొద్దుటి కాల్ కోసం సాయంత్రం వెతికితే ఉండదు. రోజంతా రికార్డు కావాలంటే జీడబ్ల్యూ-అకౌంటింగ్ సిస్‌లాగ్ ఎక్కించండి, ప్రతి కాల్ ముగిసినప్పుడు దాని రికార్డు సిస్‌లాగ్‌కు పోతుంది. యజమానులకు కూడా ఇది నచ్చుతుంది, ఫోన్ బిల్లు ఎందుకు పెరిగిందో వాళ్ళకు కనబడుతుంది కాబట్టి.

ఏ సమస్యకు ఏ డీబగ్

పీఆర్ఐ మీద కాల్ రాకపోయినా, పోకపోయినా: డీబగ్ ఐఎస్‌డీఎన్ క్యూ931. అవుట్‌పుట్ చిన్నగా ఉంటుంది, పని గంటల్లో కూడా భయం లేకుండా పెట్టొచ్చు.

సిప్ ట్రంక్ అయితే: డీబగ్ సీసీసిప్ మెసేజెస్. సీసీసిప్ ఆల్ మాత్రం వద్దు, దయచేసి.

రెండు వైపులా కలిపి చూడాలంటే, ఏ డయల్ పీర్ (కాల్ ఎటు పోవాలో చెప్పే రూల్) పట్టుకుందో తెలియాలంటే: డీబగ్ వాయిప్ సీసీఏపీఐ ఇన్‌అవుట్.

పాత అనలాగ్ లైన్లు, వాటిని కలిపే ఎఫ్ఎక్స్ఓ కార్డులు ఉంటే: డీబగ్ వీపీఎమ్ సిగ్నల్. అవతలివాళ్ళు పెట్టేసినా మన లైన్ బిజీగానే వేలాడుతున్న సమస్యకు ఇదే మందు.

కాల్స్ బాగా రద్దీగా ఉంటే ఫిల్టర్ పెట్టుకోవచ్చు. కాన్ఫిగ్ మోడ్‌లో కాల్ ఫిల్టర్ మ్యాచ్-లిస్ట్ 1 వాయిస్ అని రాసి, లోపల ఇన్‌కమింగ్ కాలింగ్-నంబర్ అని మీ టెస్ట్ మొబైల్ నంబర్ ఇవ్వండి. బయటికొచ్చి డీబగ్ కండిషన్ మ్యాచ్-లిస్ట్ 1 ఎగ్జాక్ట్-మ్యాచ్ కొట్టి, ఆ తర్వాతే సీసీసిప్, సీసీఏపీఐ డీబగ్‌లు ఆన్ చేయండి. నంబర్ గేట్‌వేకు ఏ రూపంలో వస్తుందో అదే రూపంలో ఇవ్వాలి. ముందు సున్నాతో వస్తుందా, 91తో వస్తుందా అన్నది తేడా పడితే ఫిల్టర్ ఏమీ పట్టదు, మీరేమో డీబగ్ పనిచేయట్లేదు అనుకుంటారు.

కాల్ పట్టడం

రెండు పుట్టీ (బాక్స్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాం) కిటికీలు తెరవండి. ఒకదానిలో అన్‌డీబగ్ ఆల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టకుండా ఉంచండి, బాక్స్ మొరాయిస్తే వెంటనే ఎంటర్ ఒక్కటి కొడితే చాలు. షో ప్రాసెసెస్ సీపీయూ సార్టెడ్ చూసి, సీపీయూ ఇప్పటికే మూడొంతులు నిండి ఉంటే ఆగండి, రద్దీ తగ్గాక చేయండి.

తర్వాత క్లియర్ లాగింగ్. డీబగ్ ఆన్. మీ మొబైల్ నుంచి సమస్య ఉన్న నంబర్‌కు ఒక్క కాల్, లేదా రిసెప్షన్‌లో ఉన్నవాళ్ళను చేయమని చెప్పండి. "చెల్లే, ఇప్పుడు చెయ్, నేను చెప్పేదాకా పెట్టేయకు" అని ముందే చెప్పి ఉంచితే మంచిది, వాళ్ళు అలవాటు కొద్దీ రెండు రింగులకే పెట్టేస్తుంటారు. కాల్ మొదలైన టైం, ఆగిన టైం, రెండు నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వెంటనే అన్‌డీబగ్ ఆల్.

లాగ్ తీసుకోవడానికి పుట్టీలో సెషన్, లాగింగ్‌లోకి పోయి ఆల్ సెషన్ అవుట్‌పుట్ ఎంచుకుని ఫైల్ పేరు ఇవ్వండి, టెర్మినల్ లెంగ్త్ 0 కొట్టి షో లాగింగ్ కొట్టండి. లాగ్ పెద్దదైతే షో లాగింగ్‌ను రీడైరెక్ట్ పెట్టి నేరుగా ఫ్లాష్‌లోకో టీఎఫ్‌టీపీ సర్వర్‌కో పంపడం మేలు. ఫైల్ పేరులో తేదీ, టైం, సమస్య పెట్టండి. లాగ్1, లాగ్2 అని పెట్టుకుంటే వారం తర్వాత మీకే అర్థం కాదు.

పీఆర్ఐ లాగ్ చదవడం

క్యూ931లో, అంటే పీఆర్ఐ కాల్ మెసేజ్‌లలో, టీఎక్స్ అంటే మనం పంపింది, ఆర్ఎక్స్ అంటే మనకు వచ్చింది. మామూలు కాల్ వరుస ఇలా ఉంటుంది: సెటప్, కాల్ ప్రొసీడింగ్, అలర్టింగ్, కనెక్ట్, చివర్లో డిస్‌కనెక్ట్, రిలీజ్, రిలీజ్ కంప్లీట్. ఒక కాల్‌ను పట్టుకునేది కాల్‌రెఫ్ నంబర్‌తో. మనం పంపినప్పుడు 0 తో మొదలైతే వచ్చిన దానిలో 8 తో మొదలవుతుంది (0012కు జవాబు 8012), రెండూ ఒకే కాల్, కంగారుపడొద్దు.

మొదట చూడాల్సింది ఒక్కటే: డిస్‌కనెక్ట్ ముందు ఎవరు పంపారు. ఆర్ఎక్స్ పక్కన మొదటి డిస్‌కనెక్ట్ ఉంటే కాల్ అటువైపు నుంచి తెగింది. టీఎక్స్ పక్కన ఉంటే మన వైపే చూసుకోవాలి. దాని కింద కాజ్ అని 8290 లాంటి అంకె ఉంటుంది. మొదటి రెండు అక్షరాలు ఎక్కడి నుంచి అన్నది చెబుతాయి: 80 అంటే వాడుకరి, 82 అంటే మనకు లైన్ ఇచ్చిన నెట్‌వర్క్, 84 అంటే అవతలి మనిషి నెట్‌వర్క్. చివరి రెండు అక్షరాల్లోంచి హెక్స్ 80 తీసేసి మామూలు అంకెలోకి మార్చితే క్యూ850 కోడ్, అంటే కాల్ ఆగిన కారణం. 90 అంటే 16, మామూలుగా పెట్టేశారు. 91 అంటే 17, బిజీ. 81 అంటే 1, అలాంటి నంబరే లేదు. 9సీ అంటే 28, నంబర్ రూపం తప్పు. ఏ2 అంటే 34, ఖాళీ ఛానెల్ లేదు.

34 గురించి ఒక మాట. ఈ1 పీఆర్ఐలో మాటకు 30 ఛానెళ్ళే, 16వ స్లాట్ సిగ్నలింగ్‌కు పోతుంది. రెండేళ్ళకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు హనుమకొండ ట్రావెల్స్ వాళ్ళకు, లాడ్జీలకు ఫోన్లు ఆగకుండా వస్తాయి, అప్పుడు 34 కనిపిస్తే అది ఫాల్ట్ కాదు, లైన్లు నిండిపోయాయి అంతే. మామూలు మంగళవారం మధ్యాహ్నం ముగ్గురు మాట్లాడుతుంటే 34 వచ్చిందంటే మాత్రం ఛానెళ్ళు ఎక్కడో బ్లాక్ అయి ఉన్నాయి.

1 లేదా 28 వస్తే సెటప్ మెసేజ్‌లో కాల్డ్ పార్టీ నంబర్ అన్న లైన్ చూడండి. మనిషి ఏ నంబర్ నొక్కానని చెప్పాడన్నది కాదు, మన గేట్‌వే నిజంగా ఏ అంకెలు పంపిందన్నది అక్కడ ఉంటుంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ల నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా తప్పనిసరి అయింది. బయటి లైన్ కోసం నొక్కే సున్నాను కోసేసే పాత డయల్ పీర్ ఒకటి లోపల మిగిలి ఉంటే, మనిషి రెండు సున్నాలు నొక్కినా బయటికి ఒక్కటీ పోకపోవచ్చు. వరంగల్ నుంచి కరీంనగర్ ల్యాండ్‌లైన్‌కు 0878 పెట్టి చేస్తే, ఆ 0878 పూర్తిగా పోతుందా లేదా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది.

సిప్ లాగ్ చదవడం

సెంట్, రిసీవ్డ్ అన్న రెండు మాటలతో ఎటు పోతోందో తెలుస్తుంది. కాల్-ఐడీ హెడర్ పట్టుకుని వెతకండి, కాకపోతే రెండు వైపులా సిప్ ఉన్న గేట్‌వేలో ఒకే కాల్‌కు రెండు కాళ్ళు (లోపలి భాగం, బయటి భాగం), రెండు వేర్వేరు కాల్-ఐడీలు ఉంటాయి. రెంటినీ కలిపేది సీసీఏపీఐ డీబగ్‌లో కనిపించే జీయూఐడీ, ఒక కాల్‌కు ఒక్కటే ఉండే గుర్తు. ప్రతి లైన్ మొదట్లో రెండు గీతల (//) తర్వాత కాల్ నంబర్, ఆ తర్వాత పన్నెండు అక్షరాల జీయూఐడీ ఉంటాయి. అది పట్టుకుని ఫైల్‌లో వెతికితే ఒక్క కాల్ లైన్లే బయటికొస్తాయి. అదే సీసీఏపీఐలో ఇన్‌కమింగ్ డయల్ పీర్ 0 అని కనబడితే మీరు రాసిన పీర్ ఏదీ పట్టలేదని అర్థం. పీర్ 0లో డీటీఎమ్‌ఎఫ్ రిలే (నొక్కిన అంకెలను అవతలికి చేర్చడం) ఉండదు, "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" మెనూ పనిచేయట్లేదంటే చాలాసార్లు ఇదే కారణం.

టైంను బట్టి చాలా సంగతులు చెప్పొచ్చు. కాల్ ఎత్తాక సరిగ్గా 32 సెకన్లకు తెగుతోందంటే ఏసీకే (అందిందని చెప్పే మెసేజ్) అందడం లేదు. 200 ఓకే (కాల్ ఎత్తామని చెప్పే మెసేజ్) పంపినవాళ్ళు ఏసీకే కోసం మళ్ళీ మళ్ళీ పంపి, 32 సెకన్లకు విసిగి బై పంపేస్తారు, ప్రోటోకాల్‌లో రాసి ఉన్న లెక్కే అది. ఎక్కువగా ఫైర్‌వాల్ దగ్గరో, కాంటాక్ట్ హెడర్‌లో లోపలి ఐపీ పోవడం వల్లో జరుగుతుంది. ప్రతిసారీ 15 లేదా 30 నిమిషాలకు తెగితే సెషన్ టైమర్ చూడండి, సెషన్-ఎక్స్‌పైర్స్ 1800 అని ఉంటుంది, అందులో సగం టైంకు రావాల్సిన రిఫ్రెష్ మెసేజ్‌కు జవాబు పోతోందా లేదా చూడండి.

"మా మాట వాళ్ళకు వినొస్తుంది, వాళ్ళ మాట మాకు వినొస్తలేదు" అంటే సిగ్నలింగ్ డీబగ్‌తో సగమే తేలుతుంది. మనం పంపిన ఎస్‌డీపీలో సీ అన్న అక్షరంతో మొదలయ్యే లైన్‌లో ఏ ఐపీ పోతోందో చూడండి, బయటి ప్రొవైడర్‌కు 192.168 పోతే వాళ్ళ మాట మన దాకా ఎలా వస్తుంది? కాల్ నడుస్తుండగానే షో కాల్ యాక్టివ్ వాయిస్ బ్రీఫ్ రెండుసార్లు కొట్టి, ఆర్ఎక్స్ ప్యాకెట్ల అంకె పెరుగుతోందా చూడండి. పెరగకపోతే ప్యాకెట్లు మన దగ్గరికే రావట్లేదు. పెరుగుతున్నా వినపడకపోతే లోపలి నెట్‌వర్క్ చూసుకోవాలి. ఇంకా తేలకపోతే మానిటర్ క్యాప్చర్‌తో ప్యాకెట్లు పట్టి వైర్‌షార్క్‌లో టెలిఫోనీ, వాయిప్ కాల్స్ తెరవండి, నిచ్చెనలాగా బొమ్మ గీసి చూపిస్తుంది.

ప్రొవైడర్‌కు పంపే ముందు

లాగ్‌లో జనాల ఫోన్ నంబర్లుంటాయి, కొన్ని డీబగ్‌లలో మనిషి నొక్కిన అంకెలు కూడా పడతాయి, అందులో బ్యాంకు ఐవీఆర్‌లో కొట్టిన పిన్ ఉండొచ్చు. వాట్సాప్ గ్రూపులో పెట్టి "అన్నా ఎవరన్నా చూడండి" అనకండి. సమస్య ఉన్న కాల్ ఒక్కటే కత్తిరించి, మిగతా నంబర్ల చివరి అంకెలు చెరిపేసి పంపండి. టికెట్‌లో చేసిన నంబర్, వచ్చిన నంబర్, మిల్లీసెకన్లతో టైం, ఎవరు ముందు తెంపారు, కాజ్ కోడ్ ఏంటి, ఇవి ఐదూ రాయండి. "ప్రాబ్లం మీ వైపే" అని రాస్తే "మా వైపు అంతా ఓకే" అని ఒక లైన్ జవాబు వస్తుంది. "14:32:07.418కు మీ వైపు నుంచి డిస్‌కనెక్ట్ వచ్చింది, కాజ్ 8281, నంబర్ ఇదిగో" అని రాస్తే ఆ టికెట్ స్విచ్ రూంలో కూర్చున్న మనిషి దాకా పోతుంది. శాంపిల్ తాజాగా ఉండాలి, మొన్నటిది పంపితే మళ్ళీ కొత్తది అడుగుతారు.

అన్నీ అయ్యాక షో డీబగ్ కొట్టి ఏదీ మిగల్లేదని చూసుకోండి, ఫిల్టర్ కండిషన్ తీసేయండి, ట్రాప్ మార్చి ఉంటే ఇన్ఫర్మేషనల్‌కు తెచ్చి రైట్ మెమరీ కొట్టండి. ఫ్లాష్‌లో పెట్టిన లాగ్ ఫైల్ కాపీ చేసుకున్నాక డిలీట్ చేయండి, లేకపోతే ఐఓఎస్ అప్‌గ్రేడ్ చేయాల్సిన రోజున జాగా చాలదు.